చెన్నమ్మ పక్క కుర్చీ

"ఇది రాతనా, కోడి గెలికిందా?" చెన్నమ్మ కాగితాన్ని ఓబుళేసు టేబుల్ మీద పడేసింది.

"కోడికి ఇంగ్లీషు యాడొస్తాది? నేనే రాసినా," అన్నాడు ఓబుళేసు నవ్వుతూ.

అనంతపురంలోని ఆ యూనివర్సిటీ సెంటరు పేరెందుకు లెండి, అక్కడ నిద్రపోయి రిటైరైనవాళ్ళు ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు. అరవైల చివరి సంగతి. ఆఫీసు నిండా గుమాస్తాలే, పని చేసేది మాత్రం టైపిస్టు చెన్నమ్మ. తాడిపత్రిలో బండలు కొట్టే హనుమంతప్ప కూతురు. ఓబుళేసు ఉత్తరాల గుమాస్తా. అతని రాత అర్థం కాక ఆమె రోజూ అతని టేబుల్ దగ్గరికి రావలసిందే. అతను రాత బాగు చేసుకోనిది అందుకేనని ఆమెకు తప్ప ఆఫీసంతటికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం వాన వచ్చింది. అనంతపురంలో వాన పడితే ఇంక ఆఫీసేమిటి! హెడ్ క్లర్క్ వెంకటప్ప పంచె ఎగగట్టి బయటికి పరిగెత్తాడు. వెనకాలే అందరూ పోయి వానలో నిలబడ్డారు. చెన్నమ్మకూ తడవాలనే ఉంది. కానీ ఓబుళేసు గెలికిన ఉత్తరం సాయంత్రం టపాలో పోవాలి. అతన్ని తిట్టుకుంటూ టైపు కొట్టింది.

సరిగ్గా అప్పుడే, చెప్పాపెట్టకుండా వైస్ ఛాన్సలర్ కారు దిగాడు. సిబ్బందంతా తడిసి ముద్దై ఎదురొచ్చింది. లోపల ఒక్క టైపు మిషను చప్పుడు వినిపించింది.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఉత్తమ ఉద్యోగి చెన్నమ్మ! సభలో శాలువా, దాంతోపాటు ఉద్యోగం పర్మనెంటు.

"నా రాత పుణ్యమే ఇది. శాలువాలో సగం నాది," అన్నాడు ఓబుళేసు.

"కత్తిరించి ఇస్తాలే, ముక్కు తుడుచుకో."

శాలువా మీద ఆమెకు మోజు లేదు. పర్మనెంటు కాకపోతే ఎండాకాలంలో ఇంటికి పంపేస్తారు. అప్పుడిక నాయన పక్కన బండలు మోయాల్సిందే. అందుకే ఆ రాత్రి సంతోషంతో ఆమెకు నిద్ర పట్టలేదు.

వెంకటప్పకూ పట్టలేదు, కడుపుమంటతో. తెల్లారి సన్మాన కమిటీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సార్, మా పక్క సన్మానమంటే మొగుడూ పెండ్లాం జంటగా కూకోవల్ల. ఒంటి మనిషికి శాలువా కప్పితే అరిష్టం. పెండ్లి గాని పిల్ల, పక్కన ఎవుర్ని కూకోబెడతారు? పాపం, ఆ పిల్ల బదులు నేనూ మా వెంకటలక్ష్మమ్మా కూకొని తీసుకుంటాం."

డాక్టరేట్లున్న తలకాయలన్నీ అవునవునని ఊగాయి. జంట లేకపోతే సన్మానం వెంకటప్ప దంపతులకే, చెన్నమ్మకు పర్మనెంటూ లేదని తీర్మానించారు. వెంకటలక్ష్మమ్మ ఆ సాయంత్రమే పట్టుచీర కొనేసింది.

ఓబుళేసు ఆ మాట విని పరిగెత్తుకొచ్చాడు. "చెన్నమ్మా, పక్క కుర్చీలో నేను కూకుంటా. నీ పని అయిపోతాది."

"పని అయిపోతాదా? ఒక పూటకు మొగునిగా బాడుగకొస్తావా? పోప్పా ఈడ్నుంచి!"

అతను బిత్తరపోయి వెళ్ళిపోయాడు. చెన్నమ్మకు ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళుగానో అతని నోట వినాలనుకున్న మాట అది. తీరా వచ్చింది, అవార్డుకు అతుకేసినట్టు!

సభ రోజు వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. చెన్నమ్మ పేరు పిలవగానే వెంకటప్ప లేచాడు, పట్టుచీర లేచింది. చెన్నమ్మ మొదటి వరసలో తల వంచుకొని కూర్చుంది.

"తప్పుకోండప్పా, తప్పుకోండి!"

ఓబుళేసు రొప్పుతూ మెట్లెక్కుతున్నాడు. చేతుల్లో చెన్నమ్మ టైపు మిషను. దాన్ని తెచ్చి ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సార్, జంట కావల్లంటిరి గదా. పొద్దస్తమానం చెన్నమ్మ దీంతోనే కాపురం చేస్తాండాది. వానొచ్చినా ఇడిసిపెట్టలేదని మీరే చూస్తిరి. ఇంగ అరిష్టం లేదు, పిలవండి."

వైస్ ఛాన్సలర్ పగలబడి నవ్వాడు. సభంతా ఈలలే. చెన్నమ్మ వేదికెక్కి కూర్చుంది. శాలువా ఆమెకు, దండ మిషనుకు. పర్మనెంటు ఆర్డరు ఆమె చేతిలో పడింది. "చీరకు పోసిన దుడ్లు ఎవరిస్తారు?" అని వెంకటలక్ష్మమ్మ మొగుణ్ణి గిల్లింది.

సభ ముగిశాక ఇద్దరూ మిషనును చెరో పక్క పట్టుకొని ఆఫీసు వైపు నడిచారు.

"నువ్వే కూకోవచ్చు గదా ఆడ?" అంది చెన్నమ్మ.

"నేను కూకుంటే నా మొగమే చూస్తారు. కష్టపడింది నువ్వు." అతను నడక నెమ్మది చేశాడు. "ఆపొద్దు నేనడిగింది అవార్డు కోసరం కాదు చెన్నమ్మా. నువ్వంటే ప్రాణం. చెప్పేది చేతకాక అట్ల వాగినా."

"మా నాయనతో నేను మాట్లాడతాలే," అంది చెన్నమ్మ.

"ఏమని?"

"మిషను కింద దించినాక చెప్తా."

ఆఫీసు ఇంకా అంత దూరంలో ఉంది. ఓబుళేసు ఆగిపోయాడు. మిషనును అక్కడే నడిదారిలో, ఎర్రమట్టిలో దించేశాడు.

"దించినా. ఇంగ చెప్పు."