ఒక్కో అరలోంచి ఒకటి

"ఆ గొడుగు జర బయట పెట్టున్రి. మందుల డబ్బాలు తడుస్తయ్," అంది మనస్విని, చేతిలో పని ఆపకుండానే.

"గొడుగు లేదండి. కారేది నేనే."

తలెత్తి చూసింది. నిజమే. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద కురుస్తున్న వానంతా తన నెత్తి మీదే పోయించుకుని వచ్చినట్టున్నాడు ఆ అబ్బాయి. జుట్టులోంచి నీళ్లు, మోచేతుల్లోంచి నీళ్లు. గుండెకు హత్తుకుని పట్టుకున్న కళ్లజోడు పెట్టె మాత్రం పొడిగా ఉంది.

పెట్టె తెరిచాడు. లోపల మఖ్మల్ గుడ్డ మీద ఒక రేకు ముక్క, అందులో ఒకే ఒక్క క్యాప్సూల్. తెల్లటి ఒళ్లు, నీలం టోపీ. ముత్యాల వ్యాపారి ముత్యాన్ని చూపించినట్టు చూపించాడు.

"గిది కావాలె. అబిడ్స్ మొత్తం తిరిగిన. ఏడ దొర్కుతలేదు."

"పేరేంది?"

"పేరా... నీలం టోపీది."

"టోపీలు మేం అమ్మమండి. చీటీ ఉందా?"

ఫోన్లో డాక్టరు చీటీ ఫొటో చూపించాడు. మనస్విని దాన్ని పెద్దది చేసి నిదానంగా చదివింది. పేషెంటు పేరు వామన్‌రావు. నరాల నొప్పికి రాసిన మందు.

"ఈ పేరుతో మా దగ్గర రాదు. ఇది జనరిక్ షాపు. ఇదే మందు వేరే పేరుతో ఉంది," అంటూ గోధుమరంగు క్యాప్సూల్స్ షీటు ఒకటి బల్ల మీద పెట్టింది.

పెళ్లిచూపుల్లో అక్కను చూపిస్తామని చెల్లెల్ని కూర్చోబెడితే ఎలా చూస్తారో, అలా చూశాడు దాన్ని.

"ఇది కాదు."

"ఇదే."

"రంగు వేరే ఉంది."

"నొప్పికి రంగు కనబడదండి. మందు లోపల ఉంటది."

"మరి గింత తక్కువ ధర ఏంది? నాకు అందుకే అనుమానం."

"ఎక్కువ చెప్తే నమ్ముతరా? చెప్పమంటే చెప్త."

అతనికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది కూడా.

"నవ్వులాట కాదండి. మా బాపుకు సర్పి లేచింది. పొక్కులు మానినయ్ గని నొప్పి పోలే. వీపుకు గుడ్డ తగిల్తే నిప్పు పెట్టినట్టుంటదట. ఎండకాలం పోయి వానకాలం వచ్చింది, ఆయన అంగీ వేసుకోలే. దుకాణం మొకం చూడలే. ఈ నీలం టోపీది వేసుకుంటెనే రాత్రి జర కన్ను మూస్తడు. ఇదే ఆఖరిది."

ఈ మందు డోసు మనస్వినికి తెలుసు, దుష్ఫలితాలు తెలుసు, ఏ అరలో ఉంటుందో కళ్లు మూసుకుని తీయగలదు. ఎందరికో ఇచ్చింది. కానీ దాని అవతలి కొసన అంగీ తొడుక్కోలేని మనిషి ఒకరుంటారని ఎప్పుడూ ఊహించుకోలేదు.

"మీదేం దుకాణం?" అని మెల్లగా అడిగింది.

"కళ్లద్దాలది. అబిడ్స్‌ల, పెద్ద పోస్టాఫీసు దగ్గర. నా పేరు అఖిలేష్."

"ఊరందరితోని చిన్నక్షరాలు చదివిస్తరు కదా. ఈ రేకు ఎనక చిన్నక్షరాలు మీరెప్పుడన్న చదివిన్రా?"

అఖిలేష్ మొహమాటంగా చూశాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. తన రేకు ముక్కను తిరగేసి కూడబలుక్కుంటూ చదివాడు: "ప్రీ... గా... బలిన్." గోధుమరంగు షీటును తిరగేశాడు. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. డోసు అంకె కూడా అదే.

"అరె! ఒకటేనా?"

"ఒకటే. ముందు తెల్లపొడి తయారైతది. దాని పేరు ఎక్కడైనా అదే. తర్వాతనే ఒక్కో కంపెనీ ఒక్కో టోపీ పెడ్తది, ఒక్కో పేరు పెడ్తది."

చెబుతూ చెబుతూ తానే ఆగిపోయింది మనస్విని. మెదక్ దగ్గర వాళ్ల ఊరి బడిలో సైన్సు సారు గ్లాసు నీళ్లలో ఉప్పు కలిపి "ఎటు పోయింది చెప్పున్రి?" అని అడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజంతా ఆమె ఆ గ్లాసు దగ్గరే నిలబడింది. ఇప్పుడూ అంతే. చిటికెడు పొడి. కడుపులోకి దిగుతుంది, నెత్తురులో కరుగుతుంది, తానెన్నడూ చూడని ఒక వీపులో మండుతున్న నరాన్ని వెతుక్కుంటూ పోయి 'ఇగ ఊకో' అని చెబుతుంది. ఎలా తెలుస్తుంది దానికి దారి?

"ఏమైందండి?" అన్నాడు అఖిలేష్.

"ఏం లేదు. అన్ని మందులు మనంతట మనం ఇట్ల మార్చొద్దు. ఒక్కమాట డాక్టర్‌ను అడుగుదాం."

చీటీ మీదున్న లక్డీకాపూల్ క్లినిక్ నంబరుకు ఫోన్ చేసింది. డాక్టరు సరేనన్నాడు. అదే డోసు, రాత్రికి ఒకటి.

"మీరు చెప్పిన్రని తీస్కపోతున్న," అన్నాడు అఖిలేష్, షీటును కళ్లజోడు పెట్టెలో భద్రపరుస్తూ.

"నేను చెప్పలే. మీ భూతద్దం చెప్పింది."

వానలోకి పరుగెత్తాడు. రోడ్డు దాటాక ఒకసారి వెనక్కి చూశాడు. ఆమె కూడా అప్పుడే చూసింది. ఇద్దరూ వాననే చూస్తున్నట్టు నటించారు.

*

తర్వాత అఖిలేష్‌కు నాంపల్లిలో పనులు ఎక్కువయ్యాయి.

ఒకరోజు దూది కావాలన్నాడు. ఇంకోరోజు గ్లూకోజ్ పొడి. మరోరోజు ఏం కావాలో దుకాణం దాకా వచ్చాక మర్చిపోయాడు.

"మీ ఇంట్ల ఇంతమందికి ఇన్ని రోగాలా?" అంది మనస్విని.

"నాకే, అన్నీ. మీరు చూస్తలేరు గని."

"చీటీ ఉంటెనే చూస్త."

"బాపు ఏమంటుండో తెల్సా? 'గోధుమరంగుదాంట్ల పవరు లేదు, చూస్తెనే తెలుస్తది' అంటడు. అనుకుంటనే గురక పెడ్తడు."

మనస్విని నవ్వింది. ఆ నవ్వు చూసి అతను చిల్లర తీసుకోవడం మర్చిపోయి వెళ్లాడు. అది ఇవ్వడానికి పిలిచే వంకతో ఆమె మెట్టు దాకా వచ్చి నిలబడింది. హిమాయత్‌నగర్ హాస్టల్లో ఆ రాత్రి అన్నం తింటూ తనలో తానే నవ్వుకుంటే, పక్కనున్న అమ్మాయి "ఏందే?" అంది. "ఏం లేదు, గురక," అంది మనస్విని.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

అతను వచ్చిన తీరే వేరుగా ఉంది ఆ సాయంత్రం. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమిచ్చిన్రు మీరు మా బాపుకు?"

"ఏమైంది?"

"రెండు రోజులాయె, తూలుకుంట నడుస్తుండు. మాట ముద్దముద్దగ వస్తుంది. ఇయ్యాల పొద్దున మెట్టు మీద పడ్డడు. తల పగలాల్సింది, చెయ్యి గీస్కపోయింది. 'అగ్గువ మందులు తెచ్చి తండ్రి మీద చూస్తున్నవా' అని అమ్మ ఏడుస్తుంది. నేనేం చెప్పాలె? అక్షరాలు ఒకటే అని చెప్పాల్నా?"

మనస్విని ముందు అడగాల్సింది అడిగింది. "స్పృహల ఉన్నరా? ఊపిరి మంచిగ తీసుకుంటున్నరా? డాక్టర్‌కు చూపిచ్చిన్రా?"

"చూపిచ్చినం. భయం లేదన్నడు. గని మందు డోసు ఎక్కువైనట్టుంది, ఏమేం వేసుకుంటుండో అన్నీ చూపియ్యమన్నడు. ఒకటే వేసుకుంటుండు! ఒకటే!"

ఆమె షీట్ల గుట్టలోంచి అదే బ్యాచి షీటు తీసి అంకె చూసింది. డోసు సరిగ్గానే ఉంది. మరి?

"నన్ను మీ ఇంటికి తీస్కపోన్రి," అంది.

"ఎందుకు?"

"నేనిచ్చిన మందు. ఏం చేసిందో నేను చూడాలె."

*

కళ్లద్దాల దుకాణం మీదనే వాళ్ల ఇల్లు. కిటికీలోంచి అబిడ్స్ బస్సుల హారన్లు లోపలికి వస్తున్నాయి. వామన్‌రావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నడుముకు పంచె, పైన ఏమీ లేదు. వీపుకు ఒకవైపు, పక్కటెముకల వెంట, మానిన మచ్చలు ఒక పట్టీలా ఉన్నాయి. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు.

మనస్విని ఆ పట్టీని చూసి చేతులు కట్టుకుని నిలబడింది. ఇంత చిన్న జాగా. అందులో ఇంత మంట.

"ఈ పిల్లనేనా?" అంది అఖిలేష్ తల్లి శశికళ, కూర్చోమనకుండానే.

"నేనే ఆంటీ. అంకుల్ రోజూ మందులు ఎట్ల వేసుకుంటరో జర చూపిస్తరా?"

"మాత్రలు మింగుడు గూడ చూపియ్యాల్నా?" అన్నాడు వామన్‌రావు. మాట ఇంకా కాస్త మందంగానే ఉంది. "సరే, చూడు. గా పాన్‌దాన్ ఇటియ్యి, శశీ."

శశికళ ఒక పాత ఇత్తడి పాన్‌దాన్ తెచ్చి మంచం మీద పెట్టింది. పైన నగిషీ, లోపల పువ్వు రేకుల్లా చుట్టూ అరలు, ప్రతి అరకూ చిన్న మూత. ఒకప్పుడు వక్కలూ లవంగాలూ సున్నమూ ఉండాల్సిన చోట ఇప్పుడు కత్తిరించిన రేకు ముక్కల్లో మాత్రలు ఉన్నాయి.

"మా అమ్మది. ఆమె పోయినంక పాన్ తినేటోళ్లు లేరు, మందులు తినేటోడిని నేనున్న," అన్నాడు పెద్దాయన. "చీటీలు, షీట్లు నాకు లెక్క లేదు బిడ్డా. రాత్రికి వేసుకునేయే ఇండ్ల పెడ్తరు. మా అమ్మ తాంబూలం ఎట్ల చుట్టేదో నేను గట్లనే. ఒక్కో అరలోంచి ఒకటి."

మూతలు ఒక్కొక్కటే ఎత్తాడు. బీపీది ఒకటి. షుగర్‌ది ఒకటి. నీలం టోపీది ఒకటి. గోధుమరంగుది ఒకటి.

కింద ఆటో ఒకటి గట్టిగా హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఈ నీలం టోపీది ఏడికెళ్లి వచ్చింది?" అన్నాడు అఖిలేష్.

"హిమాయత్‌నగర్‌ల మా చెల్లె తెచ్చిచ్చింది, మొన్న," అంది శశికళ. "దొర్కక దొర్కక దొరికిందని దాని అరల అది పెట్టిన. కొత్తది దాని అరల అది ఉండె కదా."

"కొత్తదాన్ని వేరే అరల పెట్టింది నేనే," అన్నాడు అఖిలేష్. "రంగు వేరే ఉందని. చదివి గూడ... నమ్మలేకపోయిన."

అతని కళ్లు నేల మీదున్నాయి. మనస్విని ఆ మాటను అక్కడ అలా వదిలేయలేకపోయింది.

"పాతవి ఇంట్ల ఉంటే పక్కకు తీయున్రి అని నేను గూడ చెప్పలే. చెప్పాల్సింది," అంది. అఖిలేష్ జేబులోంచి భూతద్దం తనే తీసుకుని, రెండు రేకు ముక్కలనూ వామన్‌రావు అరచేతిలో పెట్టింది. "అంకుల్, మీరు చదువున్రి."

పెద్దాయన అద్దం పట్టుకున్నాడు. ఒకటి చదివాడు. రెండోది చదివాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపును మనస్విని ఎన్నడూ మరిచిపోలేదు. ఇన్నాళ్లూ ఇద్దరనుకున్న మనిషి ఒక్కరేనని తెలిస్తే పసిపిల్లలు అలా చూస్తారు.

"ఒకటే మందును రెండుసార్లు మింగి, పవరు లేదంటి," అన్నాడు చివరికి. "పవరు లేకుంటనేనా నేను మెట్టు మీద పడ్డది?"

ముందు శశికళే నవ్వింది, కన్నీళ్లతోనే. తర్వాత కుర్చీ లాగి, "నిలబడే ఉన్నవు, కూసో బిడ్డా," అంది.

మనస్విని డాక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆ రాత్రికి ఆపి, మర్నాటి నుంచి మళ్లీ ఒకటే వేసుకోమన్నాడు ఆయన. పూర్తిగా మానేయొద్దని గట్టిగా చెప్పాడు.

"ఏది ఉంచాలె?" అని అడిగింది శశికళ.

"మీ ఇష్టం ఆంటీ. ఏదైనా ఒకటే అర."

వామన్‌రావు నీలం టోపీల ముక్కలన్నీ ఏరి కొడుకు చేతిలో పోశాడు.

*

వానలు తగ్గుముఖం పట్టాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు మళ్లీ ఎండలోకి వచ్చాయి. వాటి ముందు నడుస్తూ, ఏ పుస్తకమూ చూడకుండా అఖిలేష్ అన్నాడు.

"బాపుకు నొప్పి తగ్గుతుంది. నాకే పరేషాన్ అయితుంది."

"ఎందుకు?"

"ఆయనకు పూర్తిగ తగ్గితే నేను ఏ సాకుతోని నాంపల్లి రావాలె?"

మనస్విని ఒక పుస్తకం తీసింది. దాన్ని తలకిందులుగా పట్టుకుందని అతను చూశాడు, కానీ చెప్పలేదు.

"దూది, గ్లూకోజు ఇంట్ల గుట్టలు పడి ఉంటయ్. ఇగ కొనకు," అంది. మొదటిసారి 'మీరు' వదిలేసింది. "ఉత్తగనే రా."

ఆ తర్వాతి వారం, మధ్యాహ్నం, దుకాణం ముందు ఆటో ఆగింది. ముందు అఖిలేష్ దిగాడు. తర్వాత శశికళ. ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా వామన్‌రావు దిగాడు.

మనస్విని బల్ల వెనకాలే అలా ఉండిపోయింది.

ఆయన తెల్లటి అంగీ తొడుక్కున్నాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. అంగీ వీపును తాకుతోంది. గాలికి కాస్త కదులుతోంది, మళ్లీ తాకుతోంది. ఆయన మొహంలో చిన్న ముడత కూడా లేదు. లోకంలో రోజూ కోట్లమంది చేసే పని, అంగీ తొడుక్కోవడం. అది ఇంత గొప్పదని ఆమెకు అప్పుడు తెలిసింది. అరల్లో బారులు తీరిన పెద్ద పేరు లేని డబ్బాల వంక ఒకసారి చూసింది. చిటికెడు పొడి. దారి తెలిసిన పొడి.

"నొప్పి పూర్తిగ పోలే," అన్నాడు వామన్‌రావు. "గని ఇప్పుడు నా మాట ఇంటుంది. దుకాణంల కూసుంటున్న."

సంచిలోంచి పాన్‌దాన్ తీసి బల్ల మీద పెట్టాడు. చింతపండుతో తోమినట్టున్నారు, ఇత్తడి నిగనిగలాడుతోంది.

"మందులన్నీ షీట్లు కోయకుంట కళ్లజోడు పెట్టెల పెట్టుకున్న. ఈ డబ్బా ఖాళీ అయింది. ఇంట్ల ఖాళీగ ఉండుడు మంచిది కాదంటది మీ ఆంటీ. దీని పని దీనికి ఇద్దామనుకున్నం."

మనస్విని అఖిలేష్ వంక చూసింది. అతను మందుల అరల్లో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మీ అమ్మానాయన ఊర్లనే ఉంటరా?" అంది శశికళ. "తాంబూలాలు పట్టుకుని మేమే వద్దామనుకుంటున్నం. నువ్వు ఔ అంటెనే."

మనస్విని ఒక్కో మూతే ఎత్తి చూసింది. ఒక అరలో వక్కలు, ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో యాలకులు. నడిమి అరలో మడిచి పెట్టిన లేత తమలపాకులు.

"ఎట్ల తీసుకోవాలె అంకుల్?" అని అడిగింది.

వామన్‌రావు మొహం వెలిగింది.

"ఇంకెట్ల బిడ్డా? ఒక్కో అరలోంచి ఒకటి."