ఆమె లాగిన్‌కు మాత్రమే

వెబ్ అప్లికేషన్ల పరీక్ష అనే సబ్జెక్టులో మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే. ఒకరు కట్టిన సైటును ఇంకొకరు పరీక్షించాలి. ఆ ఇంకొకరు సంతకం పెట్టకపోతే సబ్జెక్టు పోయినట్టే. చీటీలు తీస్తే అతని సైటు ఆమెకు వచ్చింది. క్లాసంతా అయ్యో పాపం అంది. ఎవరిని చూసి అందో ఇద్దరికీ అర్థం కాలేదు.

అతన్ని అందరూ పచ్చలైటు అనేవారు. అతను రాసుకున్న టెస్టులన్నీ ఎప్పుడూ పాసై పచ్చగానే వెలిగేవి. తన ప్రశ్నలకు తనే జవాబు చెప్పుకుని, తన వీపు తనే తట్టుకునే రకం. ఆమెను సూది అనేవారు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

సైటు పని, యూనివర్సిటీ క్లినిక్‌లో డాక్టరు దగ్గర టైము బుక్ చెయ్యడం. సోమవారం నుంచి నిజంగానే వాడతారు. ఆ క్లినిక్ కౌంటర్లో కూర్చునేది సూది వాళ్ళమ్మ. తప్పు ఎవరిదైనా తిట్లు ముందు ఆవిడకే. ఆ సంగతి సూది అతనికి చెప్పలేదు కానీ, మొదటిరోజే ముప్పైఎనిమిది తప్పులు రాసి పంపింది.

అతను ల్యాబులో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పుట్టినతేదీ దగ్గర వచ్చే ఏడాది తేదీ ఎవరు కొడతారని నిలదీశాడు.

"ఇంకా పుట్టని మనిషి డాక్టరు దగ్గరికెందుకొస్తాడు?"

"నీ సైటు రానిచ్చింది మరి. నన్నడుగుతావేం?"

జాబితాలో చివరి తప్పే అసలైనది. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే టైమును నొక్కితే ఇద్దరికీ దొరుకుతోంది. పరీక్షించడానికి ఇద్దరు కావాలి కనుక రెండో మనిషిగా అతన్నే కూర్చోబెట్టింది. ఆమె ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. ఇద్దరూ కలిసి నొక్కేవారు. కిటికీ అవతల వాన దంచుతోంది. కాసేపటికి అతను తెరను వదిలేసి ఆమె వేళ్ళను చూస్తూ ఆలస్యంగా నొక్కడం మొదలుపెట్టాడు. ఆ ఆలస్యాన్ని కూడా ఆమె రిపోర్టులో రాసింది. కారణం మాత్రం రాయలేదు.

గురువారం అతను అన్నీ బాగుచేశానన్నాడు. అతను పక్కన నొక్కుతుండగా ఆమె తన లాగిన్‌తో ఇరవైసార్లు నొక్కి చూసింది. ఒక్కసారీ తప్పలేదు. అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే సంతోషం వేసింది. ఆ సంతోషం మీద తనకే అనుమానమొచ్చి, కౌంటర్ లాగిన్‌తోనూ, ఇద్దరు స్నేహితురాళ్ళ లాగిన్లతోనూ ఒకేసారి నొక్కించింది. పదిగంటల టైములో ముగ్గురు కూర్చున్నారు.

కోడు తెరిస్తే అందులో తన లాగిన్ పేరు కనిపించింది. ఈమె వస్తే జాగ్రత్తగా సరిచూడు, తక్కినవాళ్ళను వదిలెయ్ అని రాసి ఉంది.

వరండాలో పట్టుకుంది. టైము చాల్లేదన్నాడు, తర్వాత సరిచేస్తానన్నాడు. చివరికి తల వంచుకుని, "నీకు మాత్రం తప్పులు కనబడకూడదనుకున్నా," అన్నాడు. ఆ వారంలో అతను చెప్పిన మొదటి నిజం అదే.

"నా ఒక్కదాని ముందే బాగుండేవాణ్ణి నేనేం చేసుకోను? సంతకం పెట్టను."

మర్నాడు అతనే వెళ్ళి మేడమ్‌కు చెప్పుకున్నాడు. మేడమ్ ఆ లైనును క్లాసులో తెర మీద అంత పెద్దది చేసి చూపించింది. నవ్వులు పక్క క్లాసులోకి వినబడ్డాయి. సోమవారం ప్రారంభం ఆగిపోయింది. అతనికి ఒక్క వారం గడువు దొరికింది.

ఆ వారం అతను ల్యాబులో కనబడనేలేదు. పారిపోయాడనుకుంది సూది. అలా అనుకున్నందుకు ఎందుకో అన్నం సయించలేదు.

ఆదివారం బట్టలు మడతపెడుతూ అమ్మే మాట తీసింది.

"ఏమే, ఒకబ్బాయి వారంబట్టి పొద్దున్నే వచ్చి కౌంటర్లో నా పక్కన కూర్చుంటున్నాడు. సైటు తెరిచి జనం చేతికిచ్చి, ఎలా నొక్కుతారో చూడాలట. నిన్న ఒక పెద్దాయన అరగంట తిట్టాడు. ఎదురు చెప్పకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు."

"నువ్వెవరో తెలిసుంటుంది."

"నేనెందుకు చెప్తాను? తెలిస్తే అందరూ మంచివాళ్ళే."

సోమవారం సూది పదిహేను లాగిన్లతో పరీక్షించింది. ఎవరికీ ఎవరి టైమూ పోలేదు. అతని టెస్టుల్లో మాత్రం రెండు ఎర్రగా ఉన్నాయి. అవి ఇంకా పని చెయ్యడం లేదని, దాచకుండా తనే పక్కన రాసుకున్నాడు. ఆ రెంటినీ చూశాకే ఆమె సంతకం పెట్టింది.

అతను గొంతు సవరించుకుని, నువ్వంటే ఇష్టమని సూటిగా చెప్పేశాడు.

"మా అమ్మనడగాలి," అంది సూది.

"ఆవిడెవరో కూడా నాకు తెలీదు."

"వారం రోజులు ఆవిడ పక్కనేగా కూర్చున్నావు. సాయంత్రం ఇంటికి తీసుకురమ్మంది."

పచ్చలైటు మొహం పాలిపోయింది. కౌంటర్లో ఊసుపోక ఆంటీతో చెప్పుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సగం సూది ఎంత బాగుంటుందో. మిగతా సగం, ఆ పిల్లను అంత మొండిదానిగా పెంచిన మహాతల్లి ఎవరోనని.