చూపు తెగిన కొండదారి

పొగకొండ రాజ్యంలో ఇళ్ళు గుంపుగా ఉండవు. ఒక కొండకు ఒకే ఇల్లు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరాలంటే పూటంతా నడవాలి. పిలిస్తే పలికే మనిషి లేని ఆ రాజ్యాన్ని తరతరాలుగా కాపాడుతున్నవి కత్తులు కావు, కళ్ళు.

ప్రతి గుమ్మం మీదా ఒక గాజుకన్ను ఉండేది. వాకిట్లో ఏం జరిగినా అది చూసేది. ఇంటికప్పు మీద ఒక చూపురాయి ఉండేది. దానికి అద్దంలా మెరిసే రెండు ముఖాలు. ఒకటి కొండవైపు తిరిగి పైఇంటి చూపును అందుకునేది. రెండోది కోటవైపు తిరిగి, ఆ చూపుతో పాటు తన ఇంటి చూపునూ కింది ఇంటికి అందించేది. అలా ఇంటి నుంచి ఇంటికి సాగి, చిట్టచివరి ఇంటి వాకిలి కూడా కోటలోని అద్దాల గదిలో కనిపించేది. చూపు పడిన చోట మరుగుభూతం అడుగు పెట్టలేదు. చూపు పడని చోట అది మనుషుల్ని మంచులా పలచబరిచి, నీడలుగా మార్చి, తన లోయలోకి తోలుకుపోతుంది.

అద్దాల గదిలో కాపలా కూర్చునే పిల్ల పేరు పైడమ్మ. తల్లీ తండ్రీ లేరు. ఉన్నది ఒక్క అక్క నూకాలు. పైడమ్మ ఆమెను అప్పా అని పిలిచేది. నూకాలు చిట్టచివరి ఇంట్లో, కనుమ దగ్గర, ఒంటరిగా కాపు ఉండేది. అద్దంలో మాట వినిపించదు. అయినా రోజూ పొద్దు వాలే వేళకు నూకాలు గుమ్మం ముందుకు వచ్చి చెయ్యి ఎత్తేది. పైడమ్మ కూడా ఎత్తేది. అప్పకు తన చెయ్యి కనిపించదని తెలిసీ ఎత్తేది.

ఒక సాయంత్రం అద్దం మసకబారింది. నూకాలు ఎత్తిన అరచేతిలోంచి వెనకున్న తలుపు గడియ కనిపించింది. మర్నాటికి ఆ అద్దం చీకటైపోయింది. ఆ తర్వాత దాని పక్క అద్దం కూడా.

రాణి రత్నాంగి భటులను పంపింది. గుర్రాలు మాత్రం తిరిగొచ్చాయి.

"ఇక ఎవరినీ పంపను," అంది రాణి. "కొండచివర రెండు ఇళ్ళు పోయాయనుకుంటాను. మిగతా రాజ్యాన్ని కాపాడుకుంటాను."

"అందులో ఒక ఇల్లు మా అప్పది, మహారాణీ."

రాణి తల దించుకుంది. పైడమ్మ కోటలోని సామాన్ల కొట్టుకు పోయింది. కొట్టులోంచి ఒక చూపురాయిని తీసి, గుడ్డలో చుట్టి, వీపున కట్టుకుని బయలుదేరింది.

దారిలో ఇళ్ళన్నీ బాగానే ఉన్నాయి. చీకటైన అద్దాలకు ముందున్న ఇల్లు బంగారమ్మది. ఆమె వాకిట్లో మెలికల ముగ్గు వేస్తోంది. పైడమ్మ చూపు కప్పు మీదికి పోయింది. చూపురాయి కొండవైపు ముఖం కనిపించలేదు. దాని మీద మందంగా పేడమట్టి మెత్తి ఉంది.

"పిన్నీ, రాయికి మట్టెందుకు పూసినావు?"

"ముగ్గుల పండగ వస్తంది కదే గుంటా," అంది బంగారమ్మ తలెత్తకుండానే. "రాణిగారు అద్దాల్లో చూసి మంచి ముగ్గుకి పట్టుచీర పెడతారు. పైఇళ్ళ చూపులన్నీ నా రాయి మోస్తంటే నా ముగ్గు రాణిగారి కంటికి మసగ్గా ఆనతాది. అటేపు మూసేస్తే సుక్క సుక్కా మెరుస్తాది. పైన అప్పలసూరి మావే ముందు పూసినాడు. నానొక్కదాన్నే ఎర్రిదాన్నా?"

పైడమ్మకు విషయం అర్థమైంది. భూతం తాళాలు పగలగొట్టలేదు. తలుపు వీళ్ళే తీశారు.

"మట్టి కడిగెయ్ పిన్నీ. మా అప్ప పలచబడిపోతంది."

"పండగైపోనీ, కడుగుతాను. ఇన్నాళ్ళున్నది ఇంకొన్నాళ్ళుండదా?"

"రోజూ సాయంత్రం నాకోసం చెయ్యెత్తుతాది. ఇన్నేళ్ళూ ఆ చేతిని నా దాకా నీ రాయే మోసింది."

బంగారమ్మ చేతిలో పిండి ఆగింది. మళ్ళీ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పైడమ్మ వీపున రాయిని బిగించుకుని ముందుకు సాగింది. వెనక్కి తిరిగి చూస్తే ముగ్గు మీద వంగిన ఆ మనిషి తప్ప ఎక్కడా ఎవరూ లేరు.

ఆ పైన దారిని చీమలు తినే ఒక పెద్ద జంతువు, అలుగు, కాపు కాస్తోంది. ఏనుగు గున్నంత ఒళ్ళు. ఒళ్ళంతా రాగిరేకుల్లాంటి పొలుసులు.

"నా చీమల పుట్ట మీదుగానే దారి," అంది అలుగు. "చీమలు నీ ఒంటిమీద పాకుతాయి. ఒక్కదాన్ని దులిపినా వెనక్కి తోసేస్తాను. అది నా అన్నం."

"కుడితే?"

"కుడతాయి. చీమలు కదా."

పైడమ్మ పుట్ట ఎక్కింది. చీమలు కాళ్ళ మీద, మెడ మీద, కనురెప్పల మీద పాకాయి, కుట్టాయి. పళ్ళు బిగించి నడిచిందే తప్ప చెయ్యి కదపలేదు. అవతల దిగగానే అలుగు తన పొడుగాటి నాలుకతో చీమలన్నిటినీ తుడిచేసింది.

"మొండిదానివే. అందుకని ఒక మాట చెబుతాను. చూపురాయి పట్టుకున్న మనిషిని మరుగుభూతం పలచబరచగలదు గాని, తోలుకుపోలేదు. అందుకే మాటలతో ఆ రాయిని దింపిస్తుంది. దించావా, నువ్వు దాని సొత్తే."

తర్వాతి ఇల్లు అప్పలసూరిది. పొయ్యి మీద గంజి మాడి నల్లబడింది. గోడకు ఆనుకుని ఒక ముసలి నీడ కూర్చుని ఉంది.

"ఎవలది?" అంది నీడ.

"నూకాలు చెల్లెల్ని, తాతా. నీ రాయి కడగడానికొచ్చాను."

"కడుగమ్మా. నానే పూసినాను. నా కోడలు సచ్చిపోయినాక ముగ్గెయ్యడం నానే నేర్సుకున్నాను. ఒక్కసారైనా రాణిగారు మెచ్చుకుంటే సాలనుకున్నాను. ఇప్పుడు ముగ్గుపిండి నా చేతికే అంటడం లేదు."

పైడమ్మ కప్పెక్కి మట్టి గీకి, రాయిని తళతళలాడేలా కడిగింది. ముసలాయన అలాగే నీడగా ఉండిపోయాడు. కింద బంగారమ్మ రాయి మూసి ఉన్నంతకాలం ఇక్కడి చూపు ఎక్కడికీ పోదు.

ఆ ఇంటికీ నూకాలు ఇంటికీ నడుమ ఒక లోయ ఉంది. అక్కడ ఇల్లు లేదు. మొన్నటిదాకా ఒక మంచె మీద చూపురాయి ఉండేది. చూపు ఆగగానే భూతం మంచెను విరిచి, రాయిని లోతుల్లోకి దొర్లించేసింది. పైడమ్మ అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎదురు కొండమీద అప్ప ఇల్లు కనిపిస్తోంది. గుమ్మం ముందు ఏదో ఉంది. మనిషో, పొగో తెలియడం లేదు.

రాయిని నిలపడానికి మంచె లేదు. పైడమ్మ గుడ్డ విప్పి, రాయిని భుజానికెత్తుకుని, ఒక ముఖం అప్ప ఇంటివైపు, మరో ముఖం అప్పలసూరి ఇంటివైపు తిప్పి నిలబడింది.

"బరువుగా లేదా?" అంది ఒక గొంతు, చెవి పక్కనే.

చుట్టూ ఎవరూ లేరు. లోయలో మాత్రం నీడలు కదులుతున్నాయి. కొన్నిటి నడుముకు భటుల ఒరలు వేలాడుతున్నాయి.

"దించు. కాస్త ఊపిరి తీసుకో. నిన్ను ఎవరు చూస్తున్నారని?"

పైడమ్మ రాయిని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"నీ రాణి నిన్ను వదిలేసింది. కింద ఆవిడ ముగ్గు వేసుకుంటోంది. నీ అప్పకు నువ్వొచ్చిన సంగతే తెలీదు. ఈ లోకంలో నువ్వు ఉన్నావని అనుకునే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. నేను తప్ప."

చెడ్డ మాట. చెడ్డదే కాదు, చాలావరకు నిజం కూడా. పైడమ్మ తన వేళ్ళకేసి చూసుకుంది. గోళ్ళలోంచి రాతిమెరుపు కనిపిస్తోంది. తనూ పలచబడుతోంది. రాయి భుజంలోకి కొద్దికొద్దిగా దిగుతోంది.

"నాతో రా. లోయలో బోలెడంతమంది ఉన్నారు. ఒంటరితనం ఉండదు."

"వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా?" అంది పైడమ్మ.

"లేదు."

"మరి అదేం తోడు?"

ఆమె కాళ్ళు ఎడంగా పెట్టి, రాయిని రెండో భుజానికి మార్చుకుంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సూర్యుడు కొండ అంచును తాకాడు. ఎదుటి గుమ్మం ముందున్న పొగ ఇక పొగలానే ఉంది. ఆమె రాయిని దించలేదు.

అప్పుడు కింద, దూరాన, ఒక మెరుపు మెరిసింది.

బంగారమ్మ రాయి వెలిగింది. ఆ వెంటనే అప్పలసూరి రాయి, ఆ వెంటనే పైడమ్మ భుజం మీది రాయి వెలిగాయి. కోట నుంచి కనుమ దాకా తెగిన దారం ముడిపడింది. లోయంతా పట్టపగల్లా కనిపించింది. నడిమధ్యన ఒక రాతిమీద మరుగుభూతం కూర్చుని ఉంది. తడిసిన పిల్లి అంత ఉంది. అద్దాల గదిలో రాణి, కోటలోని జనం దాన్నే చూస్తున్నారు. అది సిగ్గుతో ముడుచుకుని, ఒక బొరియలో దూరి, మట్టి లోపలికి లాక్కుంది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

నీడలకు రంగు వచ్చింది. భటులు కళ్ళు నులుముకుంటూ లేచారు. ఎదుటి కొండమీంచి ఒక నిండు మనిషి పరుగున దిగివచ్చింది.

"ఓలి పైడీ, దించే ఆ బండ. భుజం ఇరిగిపోతాది."

"నువ్వు పట్టుకో ముందు," అంది పైడమ్మ. అప్పాచెల్లెళ్ళు ఆ రాయికి చెరోవైపు నిలబడి ఏడ్చారు.

తర్వాత బంగారమ్మను అడిగితే ఆవిడ ఇలా చెప్పింది: "మీ అప్ప చెయ్యెత్తుతాదన్నావు కదా, నిజమో అబద్దమో సూద్దామని గోటితో మట్టి కాస్త గీకినాను. రాతిలో నువ్వే కంటికి ఆనినావు. బండ మోసుకుని ఒక్కర్తివే నిలబడ్డావు. ఇంకేటి, బిందెడు నీళ్ళు పోసి కడిగేసినాను. చీర పోతే పోయింది."

రాణి రత్నాంగి ఆ ఏడే చాటింపు వేయించింది. ఇకమీదట పట్టుచీర ముగ్గుకు కాదు, పైఇంటి వాకిలిని తేటగా చేరవేసిన రాయికి. పైడమ్మను కొండదారి మొత్తానికి అధికారిణిని చేసి, ఏం కావాలో కోరుకోమంది. లోయలో ఇల్లు కావాలంది పైడమ్మ.

భటులే గోడలు లేపారు. కప్పు వేస్తున్న రోజు నూకాలు చోడిపిండి అంబలి ముంతతో దిగి వచ్చి, గోడలను ఎగాదిగా చూసింది.

"పొయ్యి ఆ మూలెవరు పెట్టమన్నారే? పొగంతా ఇంట్లోనే తిరుగుతాది."

"నా ఇల్లు, నా పొయ్యి."

"దగ్గుతూ కూకో మరి."

ఇద్దరూ పొయ్యిని పడగొట్టి మళ్ళీ కట్టారు. అంతలో వాన పట్టుకుంది. కనుమకు పోయే దారి జారుడుగా ఉందని నూకాలు ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది.