పదకొండో ప్రశ్న

ఆ ఉదయం థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పొగమంచు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. జేబెజ్ హార్వుడ్ తన చిన్న పడవని ఇసుక తిన్నె అంచున లంగరేసి, పద్ధతి ప్రకారం నిమిషానికోసారి గంట కొడుతున్నాడు. గంటకీ గంటకీ మధ్య సీసపు గుండుని తాడుతో నీళ్ళలోకి వదిలి లోతు చూస్తున్నాడు. గుండు పైకి తీసి, నది అడుగు మట్టి అంటుకోవడానికి దాని కింది గుంటలో పూసిన కొవ్వుని బొటనవేలితో నొక్కాడు. తెల్లటి ఇసుక, గవ్వపొడి.

"చూసుకో నాన్నా, అమ్మ రొట్టే" అని నవ్వుతూ, పక్కన తెడ్ల పడవలో ఉన్న తండ్రికి గుండు అందించాడు. తండ్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇరవై బారలు అవతలికి తెడ్డు వేశాడు.

పొగమంచులో తెలివున్న ఏ సరంగైనా లంగరు దించి కూర్చుంటాడు. కానీ ఒక మూడు కొయ్యల ఓడ నిండు పోటు మీద చాపలెత్తుకుని వచ్చింది. గంట ఎటు మోగుతోందో అటే వచ్చింది. పడవ రెండు ముక్కలైంది. గంట ఆగిపోయింది. జేబెజ్‌ని మూడో రోజు పోటు ఒడ్డుకి తెచ్చింది. ఇరవై నాలుగేళ్ళు.

విచిత్రం ఏమిటంటే, ఆ ఓడ పారిపోలేదు. తటస్థమైన జర్మన్ రేవు హాంబర్గ్ జెండా ఎగరేసుకుని వెనక్కి వచ్చి, పొరపాటు మాదో మీదో కోర్టే తేల్చాలి అని మర్యాదగా నిలబడింది. దాని పేరు 'నీలి నక్క'.

నౌకా న్యాయస్థానం పద్ధతి మామూలు కోర్టుల్లా ఉండదు. సాక్షిని చిన్న గదిలోకి పిలిచి తలుపు వేస్తారు. బైబిల్ మీద ప్రమాణం చేయిస్తారు. ఎదుటి పక్షం రాసిచ్చిన ప్రశ్నల్ని గుమాస్తా ఒక్కొక్కటే చదివి జవాబులు రాసుకుంటాడు. నాలుగో రోజు సాక్షి మళ్ళీ వచ్చి, జడ్జి ముందు ఆ కాగితం చదివించుకుని, దిద్దేది ఉంటే దిద్దించుకుని, తన గుర్తు గీస్తేనే అది సాక్ష్యం. అప్పటిదాకా వట్టి కాగితం. గుర్తు పడ్డాక మాత్రం కోర్టు ముద్రతో రెండు పక్షాలకీ చెరో నకలు ఇస్తారు.

ఆ గుమాస్తా అమోస్ కిడ్. వేళ్ళకి సిరా మరకలు, వంగిన వీపు, వెలిసిన కోటు. ఎవరూ రెండోసారి చూడని మొహం. ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్‌లో అతనికి ఇంకో ఉద్యోగం ఉందని కోర్టులో ఎవరికీ తెలియదు. విదేశీ ఓడల కేసుల్లోంచి శత్రువుల ఆనుపానులు పట్టే సీక్రెట్ ఏజెంట్ అతను. డచ్చివాళ్ళతో యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆ ముష్టి బల్లే అతని యుద్ధరంగం.

సాక్షి కుర్చీలో కూర్చున్నది జేబెజ్ తండ్రి, సిలాస్ హార్వుడ్. నది మీద ముప్పై ఏళ్ళుగా ఓడలకి దారి చూపుతున్న సరంగు. అబద్ధం ఆడటం చేతకాని మనిషని అతనికి పేరు. అమోస్ పన్నెండో ఏట బడి మానేసి ఏడేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు, ఆ ఇంటి తిండి తిన్నాడు. బాబాయ్ అని పిలుస్తాడు. బల్ల మీద సీసపు గుండు ఉంది. కొవ్వులో జేబెజ్ బొటనవేలి గుర్తు ఇంకా అలాగే ఉంది.

ఒకటి నుంచి పది వరకు మామూలు ప్రశ్నలే. గాలి ఎటు, పోటా ఆటా, పడవలో ఎంతమంది. పదకొండో ప్రశ్నని అమోస్ ముందు కళ్ళతో రెండుసార్లు చదువుకుని, తర్వాత పైకి చదివాడు.

"'జోన్ రొట్టె' అనే తిన్నెకి ఎటువైపు, ఎన్ని బారల నీటిలో, ఒడ్డున ఏ గుర్తులకి ఎదురుగా లంగరు వేశారు?"

సిలాస్ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పడవ ఉన్నది తిన్నె మీదే, ఆటుకి బారన్నర మిగిలే నీళ్ళలో. పెద్ద ఓడకి అక్కడ పనే లేదు. లోతైన దారి దక్షిణాన ఉంది. ఒడ్డున గాలిమర చర్చి గోపురం వెనక దాక్కునే చోట, ఆటు పూర్తిగా దిగినా నాలుగు బారలు. నా కొడుకు ఎవరి దారికీ అడ్డం లేడు అని చెప్పి, రాయి రాయి అని వేలితో బల్ల మీద కొట్టాడు. అమోస్ రాశాడు.

జోన్ ఆయన భార్య. ఆవిడ రొట్టె ఏనాడూ పొంగలేదు. ఆ తిన్నె మీద మొదటిసారి పడవ తగిలినప్పుడు జేబెజే ఆ పేరు పెట్టాడు, అమ్మ రొట్టె మీద ఎక్కితే ఓడకైనా పళ్ళు విరుగుతాయని. ఆ పేరు ఏ పటంలోనూ లేదు. దాన్ని ఎరిగినవాళ్ళు తండ్రీ కొడుకూ అమోసూ, అంతే.

ఇంకొకరు కూడా. కిందటి నెల వాపింగ్‌లో సారా గ్లాసు చేతిలో పెట్టుకుని, ఒక ఆడమనిషిని నవ్వించడానికి అమోస్ ఆ కథ చెప్పాడు.

రెండో రోజు సాయంత్రం వైట్‌హాల్‌లో అతని చీఫ్ పెండల్ ఆల్చిప్పలు తింటూ రిపోర్ట్ విన్నాడు. వేలు తుడుచుకుని పటం తిప్పాడు. యుద్ధం రాగానే నదీముఖంలో ఓడలకి దారి చూపే గుర్తుపీపాలన్నీ పీకించింది ఆయనే. శత్రువు ఓడలు దారి తెలియక తిన్నెలెక్కాలని. మన ఓడలకి కొత్త దారి వెతకమని హార్వుడ్‌లకి చెప్పిందీ ఆయనే. ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టొద్దని ఆజ్ఞ.

"ఇప్పుడు అది కాగితం మీద ఉంది" అన్నాడు పెండల్. "నీ దస్తూరీలో. గుర్తు పడితే నకలు హాంబర్గ్ వాళ్ళకి."

"హాంబర్గ్ కాదండీ. వెనక ఉన్నది ఆమ్‌స్టర్‌డాం డచ్చివాళ్ళు."

"తెలుసు. గుద్దింది కుర్రాణ్ణి చంపడానికి కాదు. వాళ్ళ నాన్న చేత ప్రమాణం మీద నిజం చెప్పించడానికి. మంచి ప్లాన్. నాకు తట్టలేదే అని ఏడుపొస్తోంది."

కేసు ఆపించమని అమోస్ అడిగాడు. ఆపితే హాంబర్గ్ గోల చేస్తుంది, పైగా దారి అక్కడే ఉందని శత్రువుకి చెప్పినట్టవుతుంది అన్నాడు పెండల్. ముసలాయన కాగితం దిద్దించాలి. పడవ నడిదారిలో లంగరేసిందని, ఆ తిన్నె ఉన్నచోటే లోతు ఉందని చెప్పాలి. కొడుకుదే తప్పని ఒప్పుకునే తండ్రిని ఎవడూ అనుమానించడు.

"ఒప్పుకోకపోతే?"

పెండల్ ఇంకో ఆల్చిప్ప తెరిచాడు. "కోర్టు మెట్లు తడిగా ఉంటాయి, కిడ్. ముసలి కాళ్ళు. ఎల్లుండి పొద్దున్న దాకా నీకు టైముంది."

మర్నాడు మధ్యాహ్నం కోర్టు ముంగిట్లో మార్గ్రీట్ దె వాల్ కనిపించింది, వాపింగ్‌లో అతను నవ్వించిన ఆడమనిషి. ఆకుపచ్చ పట్టు గౌను, చెవులకి ముత్యాలు, చేతికి నిమ్మపండు రంగు తొడుగులు. హాంబర్గ్ ఓడ వాటాదారు విధవరాలని కోర్టుకి తెలుసు. మన ఏజెంటని వైట్‌హాల్‌కి తెలుసు. అసలు ఆమె ఎవరి మనిషో పదకొండో ప్రశ్నతో అమోస్‌కి తెలిసింది.

"లవంగాలు ఎండాయా?" అంది కోడ్ ప్రకారం.

"ఇంకా తడే" అన్నాడు.

'నీలి నక్క' మీద అనుమానం పెట్టుకోవద్దని, కెప్టెన్ తాగుబోతే గాని గూఢచారి కాదని ఆమె నెమ్మదిగా రిపోర్ట్ ఇచ్చింది. తర్వాత అతని కోటు మీద దూది పోగు తీసేస్తూ, "ఆ సరంగు మీకు ముందే తెలుసు కదూ. పాపం" అంది.

"కాస్త పరిచయం" అన్నాడు అమోస్. ఆమె కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అదే అతన్ని ఎక్కువ కోసింది.

ఆ సాయంత్రం లైమ్‌హౌస్‌లో సిలాస్ తన ఇంటి పెరట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. జోన్ కొడుకు సమాధి దగ్గరకి వెళ్ళింది. రోజూ వెళ్తోంది. అమోస్ జరిగిందంతా చెప్పాడు. సాక్ష్యం రహస్యమన్నారుగా అని సిలాస్ అడిగాడు. గుర్తు పడేదాకానే రహస్యం, తర్వాత నకలు వాళ్ళ చేతికి వెళ్తుందని అమోస్ చెప్పాడు. కోర్టు మొహం ఎరగని నదివాళ్ళందరూ చేసే పొరపాటే అది.

సిలాస్ పేనడం ఆపాడు.

"అంటే నేను నిజం చెబితే డచ్చోడి ఓడలు లండన్ దాకా వస్తాయి."

"అవును బాబాయ్."

"అబద్ధం చెబితే నా కొడుకు వెధవ. నడిదారిలో లంగరేసుకున్న చేతకానోడు. కోర్టు పుస్తకంలో ఎప్పటికీ."

సిలాస్ తాడు కొసకి ముడి బిగించాడు.

"ఆడు ఏడేళ్ళప్పుడే లంగరు వెయ్యడం నేర్చుకున్నాడ్రా. నీకంటే బాగా వేసేవోడు."

"తెలుసు."

"చచ్చిపోయాక కూడా ఆడి చేతే పని చేయించుకుంటారన్నమాట మీ పెద్దోళ్ళు." సిలాస్ పేనిన తాడు మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. "ఒక్క సంగతి చెప్పు. అమ్మ రొట్టె పేరు ఆళ్ళకెలా తెలిసింది?"

మెట్ల సంగతి చెప్పి భయపెట్టొచ్చు. పెండల్ అయితే అదే చేసేవాడు. అమోస్ తల దించుకుని నిలబడ్డాడు. ఆ దించుకోవడంలోనే జవాబు ఉంది.

సిలాస్ కొట్టలేదు. తిట్టలేదు. "మీ పిన్నికి మాత్రం చెప్పకు" అన్నాడు. "ఇద్దరు కొడుకుల్ని ఒకే నెలలో పోగొట్టుకోలేదది."

నాలుగో రోజు పొద్దున కోర్టు హాల్లో బొగ్గుల కుంపటి పొగ. జడ్జి సగం నిద్రలో ఉన్నాడు. మార్గ్రీట్ కిటికీ పక్కన, ఆమె లాయరు ముందు బల్ల దగ్గర. సిలాస్ చేతిలో సీసపు గుండుతో కోర్టు మెట్లు జాగ్రత్తగా ఎక్కి వచ్చాడు. మెట్ల మీద ఇద్దరు బలమైన మనుషులు అమోస్ వైపు చూసి దారి వదిలారు. అమోస్ కాగితం చదివాడు. పదకొండో జవాబు మొదలెట్టేలోపే సిలాస్ చేయి ఎత్తాడు.

"అది దిద్దాలి దొరా. ఆ రోజు దుఃఖంలో నా కొడుకుని కాపాడుకుందామని ఏదో చెప్పాను. ప్రమాణం చేశాను కాబట్టి ఇప్పుడు నిజం చెబుతున్నాను."

చెప్పాడు. లోతైన దారి ఆ పడవ కిందే. చర్చి గోపురానికి గాలిమర ఉత్తరంగా వేలెడు దూరంలో కనిపించినప్పుడు, సరిగ్గా పడవ ఉన్న చోట, అయిదు బారలు. అడుగున నల్ల బురద. జోన్ రొట్టె అనేది ఇంకా అరమైలు అవతల. అబ్బాయి దారి మధ్యలో లంగరేశాడు. చెయ్యకూడని పని చేశాడు. తప్పు ఆడిదే.

హాల్లో ఉన్న నదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమోస్ పాత జవాబు మీద అక్షరం మిగలకుండా సిరా పూసి, కొత్తది రాశాడు. మార్గ్రీట్ మొహంలో మొదటిసారి జాలి లేదు, లెక్క ఉంది. ఆమె చూపు బల్ల మీదున్న గుండు మీద ఆగింది. వంగి లాయరు చెవిలో ఏదో అంది.

"నల్ల బురద అన్నారు" అన్నాడు లాయరు. "ఆ గుండు అడుగు ఒకసారి చూపిస్తారా?"

అమోస్‌కి గుండు అడుగు గుర్తొచ్చింది. తెల్ల ఇసుక, గవ్వపొడి. నది తెలిసిన ఎవడైనా ఒక్క చూపులో చదివేస్తాడు. అమోస్ బల్లకి అవతలి పక్కనున్నాడు, చేయి అందదు. లాయరు లేచాడు.

సిలాస్ ముందే గుండు తీసుకున్నాడు. తిరగేసి చూశాడు. కొవ్వులో బొటనవేలి గుర్తు. తన బొటనవేలు సరిగ్గా దాని మీద పెట్టాడు. ఒక్క క్షణం అలాగే ఉంచాడు. తర్వాత గుంటలోకి వేలు పోనిచ్చి, కొవ్వూ ఇసుకా గుర్తూ మొత్తం గీకి కుంపట్లోకి విదిలించాడు. కొవ్వు చుర్రుమంది.

"క్షమించండి దొరా. పొద్దున్న మా పెరట్లో ఇది కింద పడింది. ఆ ఇసకే అంటుకుంది." ఖాళీ గుండుని చొక్కా అంచుతో తుడిచాడు. "ఆడి వస్తువు శుభ్రంగా ఉండాలని."

జడ్జి కళ్ళు తెరిచి, ఆ ముసలాయన్ని కూర్చోబెట్టండి అన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్న తండ్రిని ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం లాయరుకి లేకపోయింది. సిలాస్ కలం పుచ్చుకుని తన గుర్తు గీశాడు. చిన్న లంగరు బొమ్మ. మార్గ్రీట్ అతని చెంపల్నే చూస్తూ ఉండిపోయింది. ఆ కన్నీళ్ళు అబద్ధం కావని ఆమె నమ్మింది. అంతవరకు నిజమే.

నకలు సాయంత్రం ఓడెక్కింది. తీర్పు వారంలో వచ్చింది. జేబెజ్ హార్వుడ్ తన అజాగ్రత్త వల్లే మునిగి చనిపోయాడు, 'నీలి నక్క' నిర్దోషి. ఆ మాట సంతలో విన్న జోన్ ఇంటికొచ్చి, భర్త కంచం తీసి గుమ్మం బయట పెట్టింది. కన్నకొడుకు మీద సాక్ష్యం చెప్పినవాడితో ఆమె మళ్ళీ మాట్లాడలేదు. ఆయన కూడా కారణం చెప్పలేదు. చెప్పొద్దని వైట్‌హాల్ ఒట్టు వేయించుకుంది.

వసంతంలో రెండు డచ్చి యుద్ధనౌకలు గాలిమరని గోపురానికి ఉత్తరంగా వేలెడు దూరం పెట్టుకుని, పోటు మీద ధీమాగా లోపలికి వచ్చాయి. ఆటు దిగేసరికి రెండూ ఇసుక మీద పక్కకి ఒరిగి ఉన్నాయి. మధ్యాహ్నానికి మన ఫిరంగులకి కాలిపోయాయి. మార్గ్రీట్ అంతకు ముందే మాయమైంది. పనికొచ్చే మనిషి, దొరికితే చంపకండి అన్నాడు పెండల్. అమోస్‌కి కొత్త కోటు, పెద్ద బల్ల ఇచ్చారు.

నౌకాదళం కొత్త పటం గీయించింది. అందులో ఆ తిన్నెకి పేరు కావాలంటే అమోస్ చెప్పాడు. 'జోన్ రొట్టె' అని అచ్చువేశారు. అది చూసి పటాల గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. అమ్మ రొట్టె మీద ఓడల పళ్ళు విరిగాయని తెలిస్తే పడీ పడీ నవ్వేవాడు ఒక్కడే ఉండేవాడు. కోర్టు రికార్డు ప్రకారం వాడికి లంగరు వెయ్యడం కూడా రాదు.