మూడోది చచ్చింది

వాన పట్టుకున్న సాయంత్రం. షట్టర్ సగం దించి తల్లీ కొడుకులు ఆఖరి బండి పని చూస్తున్నారు. ఆవిడ భర్త పోయాక షెడ్డు వాళ్లిద్దరిదే. చెవి ఆవిడది, చెయ్యి వాడిది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుందంటే లోపలి జబ్బేదో ఆవిడ చెప్పేస్తుంది.

వాడికి పని చేస్తూ ఈల వెయ్యడం అలవాటు. ముందుపళ్ల సందులోంచి. పాటేం కాదు. పైకి పోయి, పోయి, ఒకచోట టక్కున తెగుతుంది.

"పూర్తి చెయ్యరా, గొంతులో ముల్లు పడ్డట్టుంది నాకు."

"పూర్తయితే ఇంకేం మిగులుద్దమ్మా?"

రోజూ ఇదే గొడవ.

ఎర్ర కారు. చిన్న ఇంజన్‌కి గాలి నెట్టే పెద్ద టర్బో తగిలించారు. నిలబడి ఉన్నప్పుడు పర్లేదు. రేసు ఇస్తే చాలు, టర్బో ఈదురుగాలిలా లేస్తుంది, ఆ వెంటనే బండి దడదడా వణికి, ఒక దెబ్బ తప్పి మిస్ కొడుతుంది. సైలెన్సర్‌లోంచి మండని పెట్రోలు వాసన. దాని వెనకాలే ఇంకేదో మాడిన వాసన.

కారు యజమాని భారీ మనిషి. కారు ముందున్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంజన్ మా తమ్ముడి బండిదక్కా. ఆ బండి తగలబడిపోయింది. దీనికి మాత్రం మసి కూడా అంటలేదు. పారెయ్యడం ఎందుకని నా కారులో పెట్టించా."

"మరి మీ తమ్ముడు?"

"బండిలోనే ఉన్నాడు." గోళ్ల వైపు చూసుకున్నాడు. "తలుపు తెరుచుకోలేదు. నేను బయటే ఉన్నా."

ఆవిడ బానెట్ ఎత్తి పట్టింది.

కొడుకు ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్‌లకి కరెంటు ఇచ్చే ఒక్కో కాయిల్ వైరూ పీకి చూశాడు. మొదటిది పీకితే ఇంజన్ కుంటింది. రెండోది పీకినా కుంటింది. మూడోది పీకితే ఏ తేడా లేదు.

"అమ్మా, మూడోది చచ్చింది."

"ప్లగ్ మొనల మధ్య గ్యాప్ చూడు. టర్బో గాలికి దీపం ఆరినట్టు రవ్వ ఆరిపోతుందేమో."

బండి ఆపి ప్లగ్ విప్పాడు. అంతలోనే కెవ్వుమని వదిలేశాడు. "కాలిందా?" అని ఆవిడ దాన్ని ఏరింది. కాలలేదు. సలసల కాగుతున్న ఇంజన్‌లోంచి వచ్చిన ప్లగ్... మంచుగడ్డలా ఉంది.

కొత్త ప్లగ్ వేశారు. గ్యాప్ తగ్గించారు. అదే మిస్.

ఆవిడ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుంది. మూడో సిలిండర్ దగ్గర ఆనించింది.

దబ్... దబ్... దబ్.

ఇనుము చప్పుడు కాదు. అద్దం మీద పిడికిలితో కొడుతున్న చప్పుడు. లోపలి నుంచి.

ఆవిడ గబుక్కున వెనక్కి జరిగింది.

"ఏం వినపడిందమ్మా?"

"ఆపెయ్ నాన్నా. రేపు చూద్దాం."

"రేపెందుకక్కా?" గోడ దగ్గరి మనిషి విసుక్కున్నాడు. "మూడు షెడ్లు తిరిగొచ్చా. అందరూ రేపనే అన్నారు."

"ఒక్కసారమ్మా," కొడుకు బతిమాలాడు. "చచ్చినదాని కాయిల్ బతికున్నదానికి, బతికున్నదానిది చచ్చినదానికి. మార్చి చూద్దాం. లోపం దేని వెంట పోతే తప్పు దానిది."

మార్చాడు. మార్చి, ఇంజన్ మీద చిన్నగా తట్టాడు. నవ్వాడు.

"ఏం తమ్ముడూ... చోట్లు మారదామా?"

ఇంజన్ ఆపే ఉంది. అయినా లోపల ఒక్కసారి... దబ్.

వాన చప్పుడేమో అనుకుంది ఆవిడ. అనుకోవాలనుకుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని గేరు న్యూట్రల్‌లో ఉందని చేత్తో కదిపి చూసింది. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంది. తాళం తిప్పింది.

ఇంజన్ అరిచింది.

ఆవిడ కాలు యాక్సిలరేటర్ మీద లేదు. టర్బో కీచుమంటూ లేచింది. కారు ఒక్క దూకు దూకింది. గోడ దగ్గరి మనిషికి పక్కకి జరిగే వ్యవధి కూడా దొరకలేదు. ఎముకలు విరిగిన చప్పుడు సీటులోంచి ఆవిడ వెన్నులోకి వచ్చింది. ఆవిడ తాళం పీకేసింది. ఇంజన్ ఆగలేదు. కారు వెనక్కి వచ్చింది. మళ్లీ దూకింది.

"తమ్ముడూ..." అన్నాడతను. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తోంది. "తలుపు... నేనే..."

మళ్లీ దూకింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆవిడ దిగి పరిగెత్తింది. కొడుకు పక్కవైపు నుంచి బానెట్ కిందికి వంగే ఉన్నాడు. చొక్కా చెయ్యి ఇంజన్ తిప్పే బెల్టులో ఇరుక్కుపోయింది. బెల్టు వాణ్ని లోపలికి లాక్కుంటోంది... మోచెయ్యి... భుజం... మొహం. అరుపు లేదు. నోరు ఒక్కటే తెరిచి ఉంది.

బల్ల మీది కత్తి తీసి బెల్టుని కోసింది. చొక్కాని కోసింది. ఏది బట్టో ఏది చర్మమో చూళ్లేదు. వాణ్ని నేల మీదికి లాగింది.

ఊపిరి లేదు.

రెండు చేతులూ వాడి గుండెల మీద పెట్టి గుద్దింది. "లేవరా... లేవరా నాన్నా..." గుద్దింది. కింద ఏదో విరిగింది. అయినా గుద్దింది.

వాడు ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు.

సరిగ్గా అప్పుడే ఇంజన్ అరుపు మానేసింది. నున్నగా, నిమ్మళంగా నడవసాగింది. మిస్ లేదు. బెల్టు తెగి నేల మీద పడి ఉంది. తాళం ఆవిడ పిడికిట్లో ఉంది.

ఆవిడ వాడి గుండెకి చెవి ఆనించింది.

దబ్... దబ్... ఒకటి లేదు. దబ్... దబ్... ఒకటి లేదు.

మిస్ కొడుతోంది.

వాడు కళ్లు తెరిచాడు. తల్లి వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చీలిన పెదవి మెల్లగా నవ్వింది.

"అక్కా," అన్నాడు. గొంతు కొడుకుదే. "మా అన్నయ్య పోయాడా?"

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. తల తిప్పి కారు వైపు చూసింది. బానెట్ కింది నుంచి... టర్బోలోంచి... సన్నగా ఒక ఈల. పైకి పోయి, పోయి, తెలిసిన చోటే టక్కున తెగింది.

ఆవిడకి అర్థమైంది. ఆ ఇంజన్‌లో ఉన్నది తన కొడుకు.

లేచి కారు లోపలికి తొంగి చూసింది. పెట్రోలు ముల్లు ఎర్రగీత కిందికి వాలిపోయింది. ఇంజన్ ఒకసారి తడబడింది. ఆవిడ మూలనున్న పెట్రోలు డబ్బా దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులా ఎత్తింది. ఎత్తిన డబ్బా ముందుకి కదలదేం?

డబ్బా అవతలి పిడి పట్టుకుని వాడు నిలబడి ఉన్నాడు. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"వద్దక్కా," అన్నాడు మెల్లగా. "ఆరిపోనీ."

"వదులు... వదలరా..."

ఇంజన్ మళ్లీ తడబడింది. ఈల మళ్లీ మొదలైంది. పైకి పోయింది. ఇంకా పైకి. రోజూ తెగే చోటికి వచ్చింది.

ఈసారి తెగలేదు.