బుడ్డోడు కలపని నూనె

"టీ చల్లారిపోతోందండీ" అని అమ్మ మూడోసారి కేకేసింది. వెనక షెడ్డులో ఉన్న నాన్న ఉలకలేదు, పలకలేదు. "మహారాజుగారికి మనం ఆనతామా" అని సణుక్కుంటూ ఆవిడ గ్లాసు తెచ్చి పెద్దమ్మాయి చేతికిచ్చింది. బుడ్డోడు ఇల్లు వదిలి మూడు నెలలైంది. అప్పటినుంచీ ఆవిడ మొగుడితో మాట్లాడే మాటలు ఇవే, అవీ గోడ చాటు నుంచి.

బుడ్డోడంటే ఆరడుగుల మనిషి, పెళ్ళయినవాడు. అయినా ఇంట్లో అందరికీ బుడ్డోడే. చెట్లు కొట్టడం వాడి పని. వాటిని కోసే పెట్రోలు రంపం మిషన్లు బాగుచెయ్యడం నాన్న పని, నాన్న పక్కన నిలబడి పెద్దమ్మాయి నేర్చుకున్న పని కూడా. కొడుకు కోసమని నాన్న ఒక కొత్త మిషన్ విప్పి, పొగ బయటికి పోయే దారిని ఆకురాయితో వెడల్పు చేసి, సైలెన్సర్ లోపలంతా బోలుగా కోసేశాడు. ఇంత జోరైన మిషన్ ఇంకెవడి దగ్గరా ఉండదని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

రెండోవారంలోనే అది సగం కోసిన మాను మధ్యలో బిగుసుకుపోయింది. గాలికి చెట్టు అటు పడాల్సింది ఇటు పడి వాడికి పనిచ్చే కాంట్రాక్టర్ లారీని నుజ్జు చేసింది. లోపల ఎవరూ లేకపోవడం అదృష్టం. కాంట్రాక్టర్ ముఠా మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చి ఇదే షెడ్డు ముందు నిలబడి అడిగితే, నాన్న ఏమన్నాడు? "మిషన్‌లో లోపం లేదు. మావాడే పెట్రోల్లో నూనె కలపలేదు" అన్నాడు. కన్నకొడుకుని, నలుగురిలో. నూనె లేకపోతే మిషన్ లోపల మాడి బిగుసుకుపోతుంది, అది కలపడం మరిచేవాడికి రంపం ఎవడిస్తాడు? బుడ్డోడు పెళ్ళాన్ని తీసుకుని అత్తారింటి పంచన చేరాడు. కలిపానని వాడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నిజం చెప్పొద్దూ, పెద్దమ్మాయి కూడా వినలేదు.

నిన్న నాన్న సామాన్లకని వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. పారెయ్యమని ఆయన మూలకి తోసిన ఆ మిషన్‌ని పెద్దమ్మాయి విప్పింది. ఎందుకు విప్పిందంటే, తమ్ముడికి ఎక్కడా పని దొరకడం లేదని మరదలు ఫోన్‌లో ఏడ్చింది కాబట్టి. లోపలి ముక్కలన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. పొద్దుపోయేదాకా కూర్చుని కొత్త పిస్టన్ వేసింది, నాన్న కోసిన దారి అంచులు గరుకుగా ఉంటే నున్నగా అరగదీసింది.

ఇప్పుడు టీ గ్లాసుతో పాటు ఆ మిషన్ని, దాని పాత పిస్టన్ని, ఒక కాగితాన్ని కూడా ఆయన ముందు పెట్టింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఎవరు ముట్టుకోమన్నారు దీన్ని?"

"ముందు ఇది చూడు నాన్నా. ట్యాంకులో మిగిలిన పెట్రోలు కాగితం మీద పోశాను. పెట్రోలు ఆరిపోయింది, నూనె మరక మిగిలింది. వాడు కలిపాడు."

"ఎంత కలిపాడో ఎవడికి తెలుసు?" అన్నాడు ఆయన, ఆమె పెదాల వంకే చూస్తూ.

"నూనె చాలకపోతే పిస్టన్ చుట్టూ గీసుకుపోవాలి, బేరింగులు మాడాలి. బేరింగులు నిగనిగలాడుతున్నాయి. పిస్టన్ పొగ పోయే వైపు మాత్రమే గీసుకుపోయింది. దారి వెడల్పు చేసి దాని ఆకలి పెంచావు, పెట్రోలేమో తగ్గించావు. నూనె వచ్చేది ఆ పెట్రోలుతోనే కదా. పెట్రోలు వదిలే స్క్రూ దాదాపు మూసేసి ఉంది."

"వాడే తిప్పుంటాడు. వాడికి చేతులు ఊరుకోవు."

పెద్దమ్మాయికి ఒళ్ళు మండింది. సెట్ చేసిన ప్రతి స్క్రూ మీదా ఎర్ర రంగు చుక్క పెట్టడం నాన్న అలవాటు. ఎవరైనా తిప్పితే చుక్క పగులుతుంది. "నేను తిప్పేదాకా నీ చుక్క చెక్కు చెదరలేదు" అంది. "ఇంకెన్ని నిందలేస్తావు వాడి మీద? సరే, ఇప్పుడు నా ముందు సెట్ చెయ్యి."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళూ చూస్తుంటే వెనక్కి తగ్గడానికి ఆయనకి మనసొప్పలేదు. తాడు లాగాడు. మిషన్ గరగరమంటూ అందుకుంది. పూర్తి జోరులో ఉంచి, తల కాస్త వంచి, స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు. గరగర తగ్గి, సన్నగా కీచుమనే కూత మొదలైతే పెట్రోలు చాలడం లేదని గుర్తు, వెంటనే ఆపి వెనక్కి తిప్పాలి. పెద్దమ్మాయికి ఆ పాఠం చెప్పింది ఆయనే. కూత మొదలైంది. ఆయన ఇంకా బిగిస్తున్నాడు. అమ్మ చెవులు మూసుకుంది. ఆయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు, పనిలో లీనమైన మనిషి ప్రశాంతత తప్ప.

పెద్దమ్మాయి చటుక్కున స్విచ్చి ఆపేసింది. కోపమంతా ఎటో పోయింది. ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, "నాన్నా, నీకా కూత వినపడలేదు కదూ" అని అడిగింది. ఆయన తిరిగి చూడలేదు. ముందుకొచ్చి అదే మాట గట్టిగా అడిగింది.

"తెలుసు" అన్నాడు ఆయన స్క్రూడ్రైవర్ కింద పెడుతూ. "మిషన్ బిగుసుకుపోయిన రోజునే తెలిసింది. చెవులు పోయాయంటే ఈ షెడ్డు మెట్టు ఎవడెక్కుతాడే? నోటికి అదొచ్చింది, అనేశాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను."

"నీ పరువు కోసం నా బిడ్డ నోటి దగ్గర కూడు లాగేశావు" అంది అమ్మ. ఆవిడ మెల్లగానే అంది. ఆయనకి వినపడలేదు. కానీ ఆవిడ మొహం చూసి తల దించుకున్నాడు.

పెద్దమ్మాయి తమ్ముడికి ఫోన్ చేసి నాన్న చేతికిచ్చింది. ఆయన ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఒరేయ్ బుడ్డోడా, నువ్వు నూనె కలిపావురా. తప్పు నాది. నా చెవులు పోయాయి, తెలిసీ నీ మీదకి తోశాను. ఇంటికి రారా" అన్నాడు. అటువైపు నుంచి ఏదో మాట వచ్చింది. ఆయన ఫోన్ చెవికి ఇంకా అదుముకున్నాడు. ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, ఫోన్ కూతురికి అందించాడు.

"ఏమన్నాడో అడుగు. వస్తానన్నాడా?"

పెద్దమ్మాయి విన్నది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, వస్తానన్నాడని చెప్పవే అన్నట్టు చూసింది. చెప్పడానికి ఎంతసేపు. ఈ ఇంట్లో ఇంకో అబద్ధం ఇమడదనిపించింది ఆమెకి. ఆయన చెవి దగ్గరికి వంగి, వీధిలోకి వినపడేంత గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నాకు చెప్తే ఏం లాభం అన్నాడు. ఆరోజు ఎవరి ముందు అన్నావో వాళ్ళందరి ముందూ చెప్పమన్నాడు. అప్పుడు ఆలోచిస్తానన్నాడు."

ఆయన లేచి చేతులు కడుక్కుని, మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. కింది బొత్తాం పై కన్నంలో పెట్టుకుంటే అమ్మ వచ్చి సరిచేసింది. మూడు నెలల్లో ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. వీధి గుమ్మం దాకా వెళ్ళిన మనిషి ఆగి, వెనక్కి తిరిగి కూతుర్ని పిలిచాడు.

"నువ్వూ రా అమ్మా. వాళ్ళు తిడితే ఏమని తిట్టారో నాకు చెప్పాలి కదా."