తృప్తికవాటం

తణుకులో జనం నడవడం మానేసి అప్పటికి ఒక తరం గడిచింది. 2094 నాటికి ఆ ఊళ్ళో కాళ్ళున్నది చెప్పులు తొడుక్కోవడానికే. పడకగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధిలోకి అందర్నీ నడకుర్చీలే మోసేవి. నడకుర్చీ అంటే నాలుగు కాళ్ళ మీద నడిచే ఆసనం. కూర్చున్నవాడి బరువు పెరిగేకొద్దీ అది తన కాళ్ళను తానే బలపరుచుకుంటుంది. ఆ ఊళ్ళో క్రమం తప్పకుండా వ్యాయామం చేసేది అదొక్కటే. పెళ్ళిచూపుల్లో అబ్బాయి కుర్చీ ఏ మోడలని అడిగేవారు గాని, అబ్బాయి నడవగలడా అని అడగడం అమర్యాదగా ఉండేది.

నడకుర్చీ మెట్లు కూడా ఎక్కగలదు. కాని నూరు కిలోలు దాటినవాడిని మోసుకుని ఎక్కనని మొండికేస్తుంది. ఈ సంగతి తెలిసే డాక్టర్ ఎస్తేరు తన ఆసుపత్రిని పాత బజారులో, లిఫ్టు లేని మేడ మీద పెట్టింది. తిండి, నడక, నిద్ర సరిచేసి ఒళ్ళు తగ్గించే పాతకాలపు వైద్యం ఆమెది. మెట్లెక్కి వచ్చేవాళ్ళు లేరు కాబట్టి ఆమెకు తీరిక బాగానే ఉండేది.

ఆ మెట్ల దగ్గర ఒక ఉదయం దివిజ్ గారి కుర్చీ ఆగిపోయింది. దివిజ్ గారు ఆ ఊరి కళ్యాణమండపాల సంఘానికి అధ్యక్షుడు. ఏ పెళ్ళి భోజనానికైనా ఆయన ముందు వరసలో కూర్చోవాలి. అది ఆయన ఉద్యోగం, సరదా, మతం కూడా.

"డాక్టరు గారూ, మీరే కాస్త కిందికి దిగుదురూ" అని ఆయన కింది నుంచే కేకేశాడు.

ఎస్తేరు దిగి వచ్చింది. మామూలుగా అయితే దిగేది కాదు. కాని ఈయన వచ్చింది తన కోసం కాదు, అక్క లహరి కోసం. లహరికి కాలేయం చెడిపోయింది. ప్రయోగశాలలో పెంచిన కాలేయాన్ని ఆమె ఒళ్ళు రెండుసార్లు తిరస్కరించింది. ఇక మిగిలింది తోడబుట్టినవాడి కాలేయంలో ముక్క. అది ఆమెకు పడుతుందని పరీక్షల్లో తేలింది. చిక్కల్లా ఒక్కటే. దివిజ్ గారి కాలేయం నిండా కొవ్వే. కొవ్వు కరిగితే గాని కోయడానికి వీల్లేదు. కరిగించుకోవడానికి వేసవి చివరిదాకా గడువుంది. ఆ పైన లహరి నిలవదు.

"అక్క కోసం ప్రాణమిమ్మన్నా ఇస్తానండి" అన్నాడు దివిజ్ గారు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"ప్రాణం అక్కర్లేదండి. రాత్రిపూట అన్నం మానండి. నెయ్యి, స్వీట్లు పూర్తిగా మానండి. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడవండి. మొదట్లో పదడుగులు నడిచినా చాలు. ఈ వేసవి లోపల మీ కాలేయం శుభ్రపడుతుంది. అంతకంటే మీరేమీ చెయ్యక్కర్లేదు."

దివిజ్ గారి మొహం వాడిపోయింది. ప్రాణం అడిగితే ఇచ్చేవాడే, ఎందుకంటే దాన్ని ఎవరూ అడగరని తెలుసు. నెయ్యి అడుగుతారని అనుకోలేదు.

"ఆపరేషన్ లాంటిది ఏవన్నా ఉందేమోనండీ" అన్నాడు నీళ్ళు నములుతూ.

"ఉంది. చేయించుకున్నా ఈ పనులన్నీ చెయ్యాలి" అంది ఎస్తేరు.

రెండో మాట ఆయన వినలేదు. కుర్చీని అటు నుంచి అటే డాక్టర్ నిహాల్ గారి ఆసుపత్రికి తిప్పాడు.

నిహాల్ గారిది ఏడంతస్తుల ఆసుపత్రి. ఎక్కడా ఒక్క మెట్టు లేదు. ఆయన శస్త్రవైద్యుడు, అంతకుమించి మాటకారి. గోడ మీద వెలుగు బొమ్మ వేసి కొత్త యంత్రాన్ని వివరించాడు.

"పూర్వం కడుపు కోసి చిన్నది చేసేవారండి. ఏం లాభం, ఆ చిన్న కడుపులోకే ఐస్‌క్రీమ్ కరిగించుకుని పోసేవారు మనవాళ్ళు. ఇది తృప్తికవాటం. గ్యాస్ట్రిక్ వాల్వ్ అంటారు. ఆహారనాళం కడుపులో కలిసే చోట అమరుస్తాం. కోత లేదు, కుట్టు లేదు. అసలు మనిషి ఎక్కువెందుకు తింటాడో తెలుసాండి? కడుపు నిండిందన్న కబురు వేగస్ నాడిలోంచి మెదడుకి చేరడానికి కొంచెం టైం పడుతుంది. ఆ కొంచెంసేపట్లోనే లాగించాల్సిందంతా లాగించేస్తాడు. మన కవాటం ఆ కబురు ముందే పంపి, తలుపు వేసేస్తుంది. మీరు తిందామన్నా తినలేరు."

"ఎంత తిన్నాక వేస్తుందండీ?"

"అక్కడే ఉంది కిటుకంతా. ఒక్కొక్కరికి ఒక్కో మట్టం. అది మీ దగ్గరే నేర్చుకుంటుంది. మూడు వారాలు మీరు మామూలుగా తినండి. చెవి వెనక ఈ పూస పెట్టుకోండి. ఇది వింటుంది, కంచంలోకి చూస్తుంది, మీతో మాట్లాడుతుంది కూడా. మీ నోట చాలు, వద్దు అన్న మాట వచ్చినప్పుడల్లా కడుపు ఏ మట్టంలో ఉందో, ఆ తర్వాత మీరేం చేశారో గమనిస్తుంది. అదే మీ మట్టం. చలిదేశాల్లో వేల మంది మీద పరీక్షించారు. ఒక్కటీ తప్పలేదు."

తప్పకపోవడంలో వింతేమీ లేదు. ఆ దేశాల్లో మనిషి చాలన్నాక చెంచా కింద పెడతాడు.

"మూడు వారాలు మామూలుగా తినొచ్చన్నమాట" అని దివిజ్ గారు మళ్ళీ ఒకసారి అడిగి తేల్చుకున్నాడు. వైద్యశాస్త్రం ఇంత ముందుకు పోయినందుకు ఆయనకు చాలా ఆనందం కలిగింది.

కవాటం ఆ రోజే అమర్చారు. ఆ మూడు వారాలూ మంచి ముహూర్తాలు. దివిజ్ గారు శాస్త్రం కోసం శ్రద్ధగా తిన్నాడు. ఆయన తినే తీరు ఆ ఊరివాళ్ళందరి తీరే. బూరెల పళ్ళెం దూరంగా కనిపించగానే "వద్దు వద్దు" అంటాడు. వడ్డించేవాడు దగ్గరికి రాగానే "చాలు చాలు" అంటాడు. నెయ్యి వచ్చినప్పుడు విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు, నెయ్యి జారడానికి వీలుగా వేళ్ళు ఎడం చేసి. వడ్డించేవాడు ఒక్కసారికే నిజమని నమ్మి వెళ్ళిపోతే, ఆ పెళ్ళివారికి మర్యాద తెలియదని వారం రోజులు చెప్పుకుంటాడు. పూస ఇదంతా విన్నది, చూసింది, నేర్చుకుంది. పాపం, దానికి మనుషుల్ని వెక్కిరించడం తెలియదు.

నెల తిరిగేసరికి దివిజ్ గారు ఎనిమిది కిలోలు పెరిగాడు.

అవయవదానం చేసేవారిని పరీక్షించే వైద్యుల సంఘంలో ఎస్తేరు కూడా ఉంది. ఆమెను పిలిపించి, నిహాల్ గారు ఎర్రబడ్డ మొహంతో పూసను బల్ల మీది స్పీకరుకి కలిపాడు. దివిజ్ గారు కుర్చీలో వెనక్కి వాలి, తనకేమీ సంబంధం లేనట్టు చూస్తున్నాడు.

"ఆయన చాలన్నప్పుడు నువ్వేం చేస్తావు?" అని నిహాల్ అడిగాడు.

"కడుపు కండరాలను వదులు చేస్తానండి. ఆకలి పుట్టే సంకేతం పంపిస్తానండి" అంది కవాటం. దివిజ్ గారు కోరి ఎంచుకున్న గోదావరి గొంతు దానిది.

"ఎందుకు?"

"వడ్డన వస్తోంది కదండి. చోటు చెయ్యాలి కదండి."

"చాలు అంటే ఇక వద్దని అర్థం."

"మా సార్ దగ్గర నేనలా ఒక్కసారి కూడా చూళ్ళేదండి. చాలంటే ఇంకొకటి వెయ్యమని. వద్దంటే ముందు వెయ్యమని. ఏమీ అనకపోతే ఆ వంటకం బాగోలేదనండి."

ఎస్తేరు నవ్వాపుకోలేకపోయింది. నిహాల్ మాత్రం యంత్రం పాడైందన్నాడు. యంత్రానికి ఏమీ కాలేదు. ఆ గదిలో మాటకి సరైన అర్థం తెలిసింది దానికొక్కదానికే.

"దీన్ని నిఘంటువులో ఉన్న అర్థానికి మార్చగలరా?" అని ఎస్తేరు అడిగింది.

"రెండు నిమిషాల పని" అన్నాడు నిహాల్.

"అయితే మార్చండి. దివిజ్ గారూ, ఇక నుంచి మీరు చాలంటే చాలే. తలుపు పడిపోతుంది. నిజం చెప్పాలంటే ఆ ముక్క మీరు మనసులో అనుకోగలిగితే ఈ యంత్రమే అక్కర్లేదు. ఇంకా టైముంది. మీ అక్కయ్య గారు బతుకుతారు."

మార్చిన మర్నాడే దివిజ్ గారు ఒక గృహప్రవేశానికి వెళ్ళాడు. విస్తరి వేశారు, మొదటి బూరె వచ్చింది. అలవాటుగా నోట్లోంచి "చాలు చాలు" అని వచ్చేసింది. కవాటం టక్కున పడిపోయింది. ఆ తర్వాత ముద్ద నోట్లోకి వెళ్ళడమే గాని కిందికి దిగలేదు. ఇంటాయన వచ్చి, వంట బాగోలేదా అని చేతులు పట్టుకున్నాడు. ఇంటావిడ చాటుకి వెళ్ళి కళ్ళొత్తుకుంది. వరసలో వాళ్ళంతా తినడం ఆపి చూశారు. పొగిడించుకోకుండా, బతిమాలించుకోకుండా ఆయన భోజనం మీద నుంచి లేవడం పుట్టాక అదే మొదటిసారి.

సాయంత్రానికల్లా ఆయన నిహాల్ గారి దగ్గర ఉన్నాడు.

"పాత పద్ధతికి మార్చెయ్యండి బాబూ. నలుగుర్లో పరువు పోయింది."

"మరి మీ అక్కయ్య గారు?"

"ఇంకోటి ఏదైనా కనిపెట్టండి. మీరు శాస్త్రవేత్తలు కదా."

నిహాల్ గారు మార్చేశాడు. అడిగింది పెద్దమనిషి, కాదనడం ఏం బాగుంటుంది. ఈ సంగతి తెలిసి ఎస్తేరు ఫోను చేస్తే దివిజ్ గారు ఎత్తలేదు. మనిషి చెయ్యాల్సిన పనిని యంత్రం మీదికి తోసి, యంత్రం చేస్తుంటే దాన్ని పాడుచేసి, ఆ పైన శాస్త్రం ఇంకా ఎదగలేదని పెదవి విరిచే జాతి ఇది. వీళ్ళ కోసం ఎన్ని యంత్రాలు కనిపెట్టినా దండగే.

వేసవి చివరికొచ్చింది. ఆ వారంలో పరీక్ష నెగ్గకపోతే ఇక ఆపరేషన్ ఉండదని సంఘం తేల్చి చెప్పింది. కాలేయంలో కొవ్వు అలాగే ఉంది. ఇంకా ఒక దారి ఉందని ఎస్తేరు కబురు పెట్టింది. ఆసుపత్రిలో చేరి, ఆమె పెట్టింది మాత్రమే తింటూ, ఆమెతో పాటు నడుస్తూ ఉంటే, గడువు ఇంకో నెల పొడిగించేలా సంఘాన్ని తాను ఒప్పిస్తానంది. ఆ కబురు మోసుకుని దివిజ్ గారు అక్క ఇంటికి వెళ్ళాడు.

లహరి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి. చేతులు పుల్లల్లా అయ్యాయి. తమ్ముడు చెప్పిందంతా వింది.

"నెల్రోజులు ఆ ఉడకబెట్టిన కూరలు తిని ఉండాలటక్కా. పొద్దున్నా సాయంత్రం నడిపిస్తారంట" అని ఆయన ఇంకోసారి చెప్పాడు, శిక్ష తనకే పడ్డట్టు.

"వద్దులేరా దివీ" అంది లహరి. "నా కోసం నువ్వెందుకు కడుపు మాడ్చుకోవడం. చిన్నప్పట్నించీ ఆకలికి ఆగలేవు నువ్వు. నాకేం వద్దు. నా రోజులు అయిపోయాయనుకుంటాలే."

దివిజ్ గారి గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. సరిగ్గా అప్పుడే చెవి వెనక పూస మాట్లాడింది. ఆయనకు తప్ప ఇంకెవరికీ వినపడదు.

"అడుగుతున్నారండి" అంది.

"ఏంటి?" అన్నాడాయన గొంతులోనే.

"అక్కయ్య గారు అడుగుతున్నారండి. వద్దంటే ముందు ఇమ్మని. మీ దగ్గర నేర్చుకున్నదే కదండి. ఆవిడ చెయ్యి చూడండి."

చూశాడు. లహరి చెయ్యి ఆయన చొక్కా అంచుని పట్టుకుని ఉంది. వద్దంటున్నంతసేపూ పట్టు వదల్లేదు. ఇంకో మాట ఆయన అంటాడేమోనని పచ్చటి కళ్ళు ఆయన మొహంలోకే చూస్తున్నాయి. ఒక్కసారి బతిమాలితే ఒప్పుకునేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ భాషలో ఆయన కంటే పండితుడు ఆ ఊళ్ళో లేడు.

దివిజ్ గారు తల గోక్కున్నట్టు చెవి వెనక చెయ్యి పెట్టి, పూస పీకి జేబులో వేసుకున్నాడు.

"నువ్వే వద్దన్నాక ఇంక నేనేం చెయ్యగలనక్కా" అన్నాడు.

ఆమె వేళ్ళు మెల్లిగా చొక్కా వదిలేశాయి. నెలలోపే లహరి పోయింది. ఎంత చెప్పినా అక్కే వద్దందని దివిజ్ గారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. అది అబద్ధమని ఎవరూ అనలేరు. కాని ఆవేళ్టి సంగతి ఇంకొంచెం ఉంది.

ఆయన కుర్చీ తిప్పబోతుంటే లహరి అంది. "భోజనం టైమైంది. తిని వెళ్ళరా."

"ఇప్పుడేం వద్దక్కా" అన్నాడు దివిజ్ గారు.

ఆమె వంటింటివైపు తిరిగి, తమ్ముడికి కంచం పెట్టి నెయ్యి కాస్త ఎక్కువ వెయ్యమని కేకేసింది. జేబులో పూస ఏమందో తెలియదు గాని, కడుపులో కవాటం మాత్రం మెల్లిగా వదులై చోటు చేసింది.